రేకు వంగిన వైపు

పంతులమ్మను పోయిన వారం టౌన్‌హాల్లో, గోడవార బెంచీ మీద వదిలి వచ్చాం. ఎదురుగా ఎత్తు బల్ల వెనక కమిషన్ సభ్యులు, మధ్యలో ముసలి జడ్జి. వాళ్ళు తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. ఆరేళ్ళ కిందట జలసంధిలో మన ప్రయాణికుల ఓడను ముంచింది నిజంగా అవతలి దేశంవాళ్ళేనా? ఆ ఓడ పేరు చెప్పే యుద్ధం మొదలైంది. ఆ ఓడలోనే పంతులమ్మ ఆడపడుచు చిట్టి పోయింది. చెల్లెలి పగ తీర్చుకుంటానని సైన్యంలో చేరిన పంతులమ్మ భర్త, గెలిచిన దేశానికి కళ్ళు పోగొట్టుకుని తిరిగి వచ్చాడు. ఇప్పుడు నౌకాదళం ఆఫీసరు ఒకాయన సాక్ష్యం చెబుతూ, మునిగిన ఓడను అందరికన్నా ముందు చూసింది తమ మనుషులు కారనీ, రేవులో నీళ్ళ అడుక్కి దిగి పనిచేసే ఒక డైవరనీ నోరు జారాడు. గుమాస్తా ఆ డైవరు పేరు పిలిచాడు. అది పంతులమ్మ తండ్రి పేరు.

పిలిస్తే ఎవరూ లేవలేదు. ఆ పేరు గల మనిషి ఎవరో హాల్లో చాలామందికి తెలియనే తెలియదు. రెండోసారి పిలిచినా ఎవరూ కదలకపోయేసరికి గుమాస్తా చేతిలో కాగితం కిందికి దించి, కాస్త మొహమాటంగా, "బుడగ ఉన్నాడా అండీ?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. నీళ్ళలోకి దిగాక ఆయన ఎక్కడున్నాడో పైకి తేలే బుడగల్ని బట్టే తెలుస్తుంది కాబట్టి రేవులో చిన్నకీ పెద్దకీ ఆయన బుడగే. వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్న ముసలాయన టోపీ తీసి చంకలో పెట్టుకుని ముందుకు నడిచాడు. కూతురు కూర్చున్న బెంచీ దాటుతూ ఆమె వైపు చూడలేదు.

చూడకపోవడం పంతులమ్మ పట్టించుకోలేదు. ఆమెకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఎందుకంటే రేవులో బుడగ మాటకు తిరుగు లేదు. చుక్కానికి దెబ్బ తగల్లేదని ఆయన అంటే కెప్టెన్లు ఇంకొకర్ని అడక్కుండా లంగరెత్తించేవాళ్ళు. తల్లి లేని పిల్లను ఒంటిచేత్తో పెంచిన తండ్రి ఆయన. పెంచినన్నాళ్ళూ ఆమెకు ఒక్క చిన్న అబద్ధం చెప్పి ఎరగడు. మందు చేదుగా ఉంటుందా అంటే ఉంటుందనే చెప్పేవాడు. అలాంటి మనిషి బోనెక్కితే ఈ గొడవ ఇక్కడితో తెగిపోతుందని ఆమె అనుకుంది.

తెగిపోవాలనే ఆమె కోరిక. కొన్ని నెలలుగా పత్రికలు ఓడ గురించి అనుమానాలు రాస్తున్నాయి. ఇంట్లో అదే రభస. ఎవరైనా యుద్ధం తప్పన్నారంటే ఆమె భర్త అంతెత్తున లేచేవాడు. కళ్ళు పోయినవాడికి కనపడుతున్న న్యాయం కళ్ళున్న మీకు కనపడటం లేదా అని బజారులోనే నిలబెట్టి అడిగేవాడు. ఈ ఉదయం కూడా ఆమెను హాలుకు వెళ్ళొద్దన్నాడు. పోయినవాళ్ళు తిరిగి రారు, పుండు కెలికితే మానదన్నాడు. వెళితేనే మానుతుందని ఆమె వచ్చింది.

జడ్జి మెల్లగా అడిగాడు. మునిగిన మర్నాడు మీరు దిగారా? దిగానండీ. ఎందుకు? శవాలు తీయడానికండీ, నౌకాదళంవాళ్ళు ఇంకా రాలేదు. ఓడ పక్క భాగం చూశారా? దెబ్బ ఎటు నుంచి తగిలినట్టుంది?

ముసలాయన టోపీ చంకలోంచి తీసి చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీళ్ళు మసకగా ఉన్నాయండీ. చెయ్యి చాపితే చెయ్యే కనపడలేదు. తడుముకుంటూ దిగాను, తడుముకుంటూ వచ్చాను. ఏమీ చూడలేదు."

హాల్లో అందరూ ఒక్కసారి వెనక్కి వాలారు. ఇంతేనా అన్నట్టు ఎవరో దగ్గారు. జడ్జి ఏదో రాసుకుని, భోజనాలయ్యాక మళ్ళీ కూర్చుందామని లేచాడు. జనం తలుపుల వైపు నడిచారు. పంతులమ్మ లేవలేకపోయింది.

ఆమెకు ఆరేళ్ళ కిందటి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. తండ్రి తడిబట్టలతోనే వాళ్ళింటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు. చిట్టి దొరికిందని చెప్పాడు. ఓడ లోపలి మెట్ల పైనుంచే, అంత దూరం నుంచే పసుపుపచ్చ గౌను చూసి గుర్తుపట్టానన్నాడు. నిద్రపోతున్నట్టే కళ్ళు మూసుకుని ఉందనీ, పక్కన ఎవరిదో చిన్నపిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఉందనీ చెప్పాడు. ఆ మాటలే ఆమె భర్తను ఆ రాత్రి బతికించాయి. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో చిట్టి అంటే ఆ పసుపు గౌనే.

చెయ్యి చాపితే చెయ్యి కనపడని నీళ్ళలో, మెట్ల పైనుంచి పసుపు గౌను ఎలా కనపడింది?

రెండిట్లో ఒకటి అబద్ధం. బయటికి వస్తూ ఆమె మనసులోనే మొక్కుకుంది, గౌను మాటే అబద్ధం కావాలని. ఏడుస్తున్న అన్నను ఓదార్చడానికి ఒక ముసలాయన కల్పించిన మాట అయితే అందులో తప్పేముంది? దాన్ని కడుపులో పెట్టుకుని క్షమించవచ్చు. ఆ ఆశతోనే ఆమె కస్టమ్స్ గోదాముల వెనక నుంచి తండ్రి షెడ్డుకు నడిచింది.

షెడ్డు తలుపు తెరిచే ఉంది. గాలి గొట్టాలు చుట్టలు చుట్టి మేకులకు వేలాడుతున్నాయి. సీసపు అడుగులున్న బూట్లు, ఇత్తడి శిరస్త్రాణం ఒక మూల. ఆయన పీట మీద కూర్చుని గాలి పంపు కవాటానికి గ్రీజు పెడుతున్నాడు. అన్నం డబ్బా మూత తీయలేదు. కూతురు ఎదురుగా నిలబడితే కూర్చోమనలేదు.

ఆమె ఓడ గురించి అడగలేదు. "నాన్నా, చిట్టిని దూరం నుంచి చూశానన్నావు. నిజంగా చూశావా?" అని మాత్రం అడిగింది.

కాదనడానికి ఆయనకు అంతకంటే సులువైన ప్రశ్న ఇంకొకటి రాదు. ఊరికే చెప్పానమ్మా అంటే సరిపోయేది. ఆయన గ్రీజు చేతులు పాత గుడ్డకు తుడుచుకున్నాడు, ఎంతసేపు తుడిచినా పోలేదు.

"చూశాను తల్లీ," అన్నాడు. "అంత తేట నీళ్ళు ఆ నెలలో నేనెన్నడూ చూడలేదు."

ఆ తర్వాత ఆపుకోలేకపోయాడు. ఆమె అడగకుండానే అంతా చెప్పుకొచ్చాడు. ఓడ ఒక పక్కకు ఒరిగి ఉంది. పొట్ట దగ్గర మనిషి నిటారుగా నడిచి వెళ్ళేంత కన్నం. టార్పిడో కొడితే రేకు లోపలికి మడవాలి. ఇది పండిన పత్తికాయ పగిలినట్టు బయటికి విచ్చుకుని ఉంది. ఆయన చేత్తో తడిమి మరీ చూశాడు, అంచులు సముద్రం వైపుకే వంగి ఉన్నాయి. లోపలికి వెళితే విరిగిన చెక్కపెట్టెలు. పెట్టెల్లో ఫిరంగి గుళ్ళు. పైన అంతస్తులో పిల్లలతో, పెద్దవాళ్ళతో జనం ప్రయాణం చేస్తుంటే, వాళ్ళ కాళ్ళ కింద మన ప్రభుత్వమే గుట్టుచప్పుడు కాకుండా మందుగుండు తీసుకుపోతోంది. అది పేలింది. అవతలివాళ్ళు ఆ ఓడ దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఆమె గోడకు ఆనుకుంది. బడిలో ప్రతి ఏడాదీ ఓడ మునిగిన రోజున నల్లబల్ల మీద తనే బొమ్మ గీసేది. తెల్ల సుద్దతో ఓడ, ఎర్ర సుద్దతో సముద్రంలోంచి దూసుకొచ్చే టార్పిడో. ఆ గీత తిన్నగా రావాలని స్కేలు పెట్టి గీసేది. మొదటి ఏడాది ఆ బొమ్మ చూసిన పై తరగతి పిల్లల్లో కొందరు ఆ తర్వాత సైన్యంలో చేరారు. కొందరు తిరిగి రాలేదు. వాళ్ళ తల్లులు ఇప్పటికీ బజార్లో కనపడితే ఆమెకు నమస్కారం పెడతారు.

ఎవరు బెదిరించారని అడిగింది. బెదిరించి ఉంటే బాగుండేదని ఆయన అన్నాడు. బెదిరిస్తే ఆ మొండితనానికైనా బయటపెట్టేసేవాణ్ణని అన్నాడు. ఆ సాయంత్రం నౌకాదళం పెద్ద ఆఫీసరు ఒక్కడే వచ్చాడట. తెల్లబట్టలతో, ఆ నూనె మరకల జెట్టీ మీద, ఆయన పక్కనే కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడట. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. దాచకుండా అంతా ఒప్పుకుని, ఇప్పుడేం చేయమంటారో మీరే చెప్పండి అని అడిగాడట.

"నన్ను అండీ అన్నాడమ్మా. నీళ్ళలోకి దిగేవాణ్ణి, నన్నెవరు అడుగుతారు దేశం సంగతి? జలసంధి మధ్య దీవి మీద అవతలివాళ్ళు ఫిరంగులు పెట్టారు, యుద్ధం ఎలాగూ తప్పదు, ఇవాళ కాకపోతే వానలయ్యాక. అప్పటికి మనం చీలిపోయి ఉంటే ఊరు మిగలదన్నాడు. నమ్మాను."

"నమ్మావా, నమ్మాలనుకున్నావా?"

ఆయన తన వాదన తను మొదలుపెట్టాడు. అది వాదనలా లేదు, ఆరేళ్ళుగా తనలో తను చెప్పుకుని అరగదీసిన మాటల్లా ఉంది. దీవి మీద ఫిరంగులు నిజమే కదా అన్నాడు. మన జాలర్లను పట్టుకుని కొట్టడం నిజమే కదా, వలలు తగలబెట్టడం నిజమే కదా. యుద్ధం గెలిచాక ఫిరంగులు పోయాయి. ఇవాళ ఈ రేవు నుంచి పడవ బయల్దేరితే తిరిగొస్తుందా రాదా అని ఏ ఆడదీ గట్టున నిలబడటం లేదు. ఇదంతా అబద్ధమా అని అడిగాడు.

అందులో అబద్ధమేదీ లేదు. గట్టున నిలబడే ఆడవాళ్ళను ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది.

"అది నిజమే," అంది. "ఆ నిజమే చెప్పి జనాన్ని అడగాల్సింది. ఫిరంగులున్నాయి, జాలర్లను కొడుతున్నారు, యుద్ధానికి వస్తారా అని. ఆ కారణం చాలినంతదైతే ఓడ ఎందుకు? చాలదని వాళ్ళకి తెలుసు నాన్నా. అందుకే చిట్టి శవాన్ని తెచ్చి ముందు పెట్టారు."

"అడిగితే జనం రెండుగా చీలేవాళ్ళు."

"చీలేవాళ్ళం. పోట్లాడుకునేవాళ్ళం. చివరికి వెళ్ళాలనే అనుకునేవాళ్ళమేమో కూడా. కానీ వెళ్ళినవాడు దేనికి వెళుతున్నాడో తెలిసి వెళ్ళేవాడు. మా ఆయన తెలిసి వెళ్ళలేదు. ఆయన బయల్దేరుతుంటే నువ్వు భుజం మీద చెయ్యి వేసి పంపావు. నేను పక్కనే ఉన్నాను."

ముసలాయన తల వంచుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందని ఊరుకున్నానమ్మా అన్నాడు. ఎవరి కాళ్ళ మీద పడిందో చూడమని ఆమె అంది. గొంతు పెంచలేదు. బడిలో తప్పు చేసిన పిల్లవాడితో మాట్లాడినట్టే మాట్లాడింది, అది ఆయనకు మరింత కష్టంగా ఉంది. జడ్జి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడనీ, భోజనాలయ్యాక మళ్ళీ కూర్చుంటాడనీ గుర్తుచేసింది. వెళ్ళి చెప్పింది అబద్ధమని చెప్పమంది. లేకపోతే రేపు బడికి వెళ్ళి ఆ పిల్లల మొహాలు తను చూడలేనంది. నువ్వు చెప్పకపోతే నేనే లేచి పసుపు గౌను సంగతి చెబుతానంది.

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మనిషి తేలికపడతాడని ఆమె అనుకుంది గానీ ఆయన మొహం ఇంకా నల్లబడింది.

"వెళతాను. నువ్వు ముందు యూనియన్ ఆఫీసుకెళ్ళి మీ ఆయన్ని కలుసుకో."

"చెబుతాను. ఆయనకి ఎలా చెప్పాలో అదే తెలియటం లేదు."

"నువ్వు చెప్పక్కర్లేదు. అల్లుడికి తెలుసు."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"సైన్యంలో చేరతానన్నప్పుడు పట్టలేకపోయానమ్మా. వెళ్ళకుండా ఆపుదామని ఇక్కడే, ఈ షెడ్డులోనే కూర్చోబెట్టి చెప్పేశాను. రేకు సంగతి, పెట్టెల సంగతి అంతా. అతను ఆశ్చర్యపోలేదు. ఏ అరలో అని అడిగాడు, అంతే. ఓడ అడుగున సరుకు పెట్టే ముందు అరలో అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు రైలెక్కాడు. అది ఎందుకు అడిగాడో నేనడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు."

షెడ్డు నుంచి రేవు యూనియన్ ఆఫీసు ఎంతో దూరం లేదు. ఆమె ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. దారిలో బడిపిల్లాడి తండ్రి ఒకాయన పలకరిస్తే జవాబిచ్చింది కూడా, ఏమని ఇచ్చిందో గుర్తులేదు. తెలిసే వెళ్ళాడు. తెలిసి, చెల్లెలి పగ అని ఊరందరి ముందూ ప్రమాణం చేసి వెళ్ళాడు. తెలిసి, కళ్ళు పోగొట్టుకుని వచ్చి, ఆమె ముందు కూడా అదే పాట పాడాడు.

యూనియన్ ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని అతనిది. భోజనాల వేళ కాబట్టి గదిలో అతను తప్ప ఎవరూ లేరు. ఆమె తలుపు మూసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నాన్న అంతా చెప్పాడని చెప్పింది. చెప్పి, ఆయన ఇన్నేళ్ళూ అడగని ప్రశ్న తను అడిగింది.

"ఏ అరలో అని ఎందుకడిగారు?"

అతను టెలిఫోను తీగను వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు.

"ముందు అర నేను నింపింది కాబట్టి," అన్నాడు.

అప్పట్లో అతను రేవులో క్రేను నడిపేవాడు. ఓడ బయల్దేరే రోజు ఉదయం సరుకెక్కించింది అతనే. పెట్టెల మీద యంత్రాల విడిభాగాలని రాసి ఉంది. పైకి లేపగానే అనుమానం వచ్చింది, ఎందుకంటే పక్కన సైనికులు పసిపిల్లను అందించినట్టు జాగ్రత్తగా అందిస్తున్నారు. ఫోర్‌మన్‌ను అడిగితే నీ పని నువ్వు చూసుకో అన్నాడు. చూసుకున్నాడు. చిట్టి అదే ఓడ ఎక్కబోతోందని అతనికి తెలుసు. టిక్కెట్టు కొనిచ్చింది అతనే. అనుమానమే కదా, ఇలాంటివి ఎన్ని ఎక్కించలేదు అనుకున్నాడు. క్రేను దిగివచ్చి చెల్లెలికి చెయ్యి ఊపాడు.

"మామయ్య చెప్పినప్పుడు నాకు రెండే దార్లు కనపడ్డాయి. నా చెల్లెల్ని నేను చంపాననుకోవాలి. లేదా వాళ్ళు చంపారని వెళ్ళి పోట్లాడాలి. మొదటిది అనుకుంటూ మనిషి బతకలేడు."

"అందుకని రెండోది నిజమన్నారు."

"నిజం కావాలనుకున్నాను. పదిమంది ఒప్పుకుంటే నిజమవుతుందేమో అనుకున్నాను. అందుకే అందరితో పోట్లాడేది." తీగను మళ్ళీ వేలికి చుట్టాడు. "తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు పెద్దది."

ఆమెకు జాలి వేయాలి. వేసింది కూడా. కానీ దాని కింద ఇంకేదో గడ్డకడుతోంది. తండ్రీ భర్తా, ఈ లోకంలో తనకున్న ఇద్దరూ, ఒక షెడ్డులో కూర్చుని నిజాన్ని తమలో తాము పంచుకున్నారు. మిగిలిన అబద్ధాన్ని ఆమె చేతిలో పెట్టారు, పిల్లలకు పంచమని.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బడిలో బొమ్మ గీసి చెప్పేదానివి కదా," అన్నాడతను. గొంతు తగ్గింది. "యుద్ధం నుంచి వచ్చాక ఒకసారి నీ క్లాసు బయట వరండాలో కూర్చుని విన్నాను. నువ్వు చెబుతుంటే నాకే నిజమనిపించింది. ఆ ఒక్కచోటైనా అది నిజంగా ఉండనీ అనుకున్నాను."

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట ఓడకు సరుకెక్కిస్తున్నారు. భోజనాల వేళ అయిపోయినట్టుంది. పెట్టెల మాట బయటికి వస్తే జడ్జి వేసే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఎవరు ఎక్కించారు? ఆ ఓడలో పోయినవాళ్ళ ఇళ్ళన్నీ ఈ ఊళ్ళోనే ఉన్నాయి. ఈ వీధిలోనే కొన్ని ఉన్నాయి. వాళ్ళు ఇంతకాలం ఈ గుడ్డి సైనికుణ్ణి చూస్తే పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు.

టెలిఫోను మోగింది. అలవాటు చొప్పున అతనే ఎత్తాడు. విన్నాడు. రెండుసార్లు ఊఁ అన్నాడు. తర్వాత రిసీవరు మీద అరచెయ్యి మూసి ఆమె వైపు తిరిగాడు.

"కమిషన్ గుమాస్తా. మామయ్య హాల్లోనే ఉన్నారట. పొద్దున చెప్పింది అబద్ధం, మళ్ళీ చెబుతానన్నారట. రేకు వరకు చెప్పాలా, పెట్టెలు కూడా చెప్పాలా అన్నది మా అమ్మాయిని అడగండి, అది ఎలా అంటే అలా అన్నారట."

అరచెయ్యి తీసి రిసీవరు ముందుకు చాపాడు. ఆమె ఉన్న చోటికి కాదు, కాస్త పక్కకు. అందులోంచి గుమాస్తా గొంతు సన్నగా వినపడుతోంది. అమ్మా, ఉన్నారా, జడ్జిగారు వచ్చి కూర్చున్నారు అంటున్నాడు.

ఆమె భర్త మొహంలోకి చూసింది. రిసీవరు చాపిన చెయ్యి అతను వెనక్కి తీసుకోలేదు.

పంతులమ్మ వెళ్ళి రిసీవరు అందుకుంది.

"ఉన్నానండీ," అంది. "పెట్టెలు కూడా చెప్పమనండి. రాసుకోండి."